పాత ఇల్లు, కొత్త రంగు – లాభం ఎవరిది?

పాడుబడిన ఇల్లు చవగ్గా కొను. మరమ్మతు చేయించు. రంగులు వేయించు. ఆరు నెలల్లో అమ్మేయి. ఈ నాలుగు మాటలు ఈమధ్య మన యువత నోట తరచుగా వినబడుతున్నాయి. సెల్‌ఫోను వీడియోలు దీనికి 'ఫ్లిప్పింగ్' అని పేరు పెట్టి, ఉద్యోగం లేకుండానే లక్షాధికారి అయ్యే దారిగా చూపిస్తున్నాయి. బెంగళూరులో, చెన్నైలో, ముంబైలో, బరంపురంలో తెలుగువాళ్ళు తరాలుగా ఉంటున్న పాత పేటల్లోనే ఇలాంటి ఇళ్ళు ఎక్కువ. కాబట్టి ఈ వ్యాపారం మన గుమ్మాల్లోనే జరుగుతోంది. కొన్నిచోట్ల సంఘంలో సాక్ష్యంగా కూడా మారింది. "ఒక్క ఇంటి మీద దేవుడు పది లక్షలు ఇచ్చాడు" అని ఎవరైనా చెబితే చప్పట్లు కొడుతున్నాం. ఆ పది లక్షలు ఎవరి చేతిలోంచి జారి వచ్చాయో అడిగేవారు లేరు.

మేము అడుగుతున్నాం.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇల్లు బాగుచేయడం మంచి పని. కూలిపోయే పైకప్పును నిలబెట్టిన మేస్త్రీ, చెదలు తిన్న దూలాన్ని మార్చిన వడ్రంగి, మూసుకుపోయిన మురుగు గొట్టాన్ని తెరిచిన ప్లంబరు లోకానికి మేలు చేస్తున్నారు. పడిపోయిన గోడలు కట్టేవాణ్ణి యెషయా ప్రవక్త గౌరవించాడు. మరమ్మతుకు కూలి, శ్రమకు లాభం ధర్మమే. మేము ఎదిరిస్తున్నది మరమ్మతు పేరుతో జరిగే మరో వ్యాపారాన్ని. అవతలివారి అవసరాన్ని తక్కువకు కొని, ఆ ఇంటి రోగాన్ని దాచి, అందులో ఉన్నవాళ్ళను ఖాళీ చేయించి, దాన్నంతా 'ఆశీర్వాదం' అని పిలవడాన్ని.

లాభం ఎక్కడ పుట్టింది?

లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. భర్త పోయిన ఒక తల్లి పాత ఇంటిని 20 లక్షలకు అమ్మింది. కొన్నవాడు మరమ్మతుకు 3 లక్షలు, ఇతర ఖర్చులకు 2 లక్షలు పెట్టాడు. ఆరు నెలల తరువాత 36 లక్షలకు అమ్మాడు. చేతికి మిగిలింది 11 లక్షలు.

ఈ 11 లక్షలు ఎక్కడ పుట్టాయి? మూడు లక్షల సిమెంటు, పుట్టీ, టైల్సు పదకొండు లక్షలను కనలేవు కదా! ఆ విలువలో పెద్ద భాగం ఆ స్థలానిది, ఆ వీధిది, పక్కనే వచ్చిన మెట్రోది, బస్సు రోడ్డుది. ఆ తల్లి సంతకం పెట్టిన రోజున కూడా ఆ విలువ అక్కడే ఉంది. ఆమె దగ్గర లేనివి రెండే రెండు: చేతిలో మూడు లక్షలు, ఆరు నెలలు ఆగే ఓపిక. ఆసుపత్రి బిల్లు ఆగదు. కూతురి కాలేజీ ఫీజు ఆగదు. వడ్డీవాడు అసలే ఆగడు. కొన్నవాడు నిజంగా కొన్నది ఇంటిని కాదు, ఆమె తొందరను.

"ఎవరూ బలవంతం చేయలేదు, ఒప్పుకునే అమ్మింది" అంటారు. ఆకలిగా ఉన్న ఏశావు కూడా ఒప్పుకునే జ్యేష్ఠత్వం అమ్ముకున్నాడు. ఆ బేరాన్ని చదివినప్పుడు మనలో ఎవరూ యాకోబు వ్యాపార నైపుణ్యాన్ని మెచ్చుకుని ఆమేన్ అనలేదు.

సంతకాలు ఎవరివి?

ఇందులో పాల్గొంటున్న యువత తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. చాలామంది దగ్గర ఇల్లు కొనేంత డబ్బు ఉండదు. కొద్దిపాటి అడ్వాన్సు ఇస్తారు. మూడు నెలలకో ఆరు నెలలకో అగ్రిమెంటు రాయించుకుంటారు. దానితోపాటు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ తీసుకుంటారు. రంగులు వేసి, కొనేవాణ్ణి వెతికి, ఆ ఇంటి యజమానురాలి చేతనే నేరుగా రిజిస్ట్రేషన్ చేయిస్తారు. అసలు ధర ఎంతో ఆమెకు రిజిస్ట్రారు ఆఫీసులో తెలుస్తుంది, లేదా అక్కడా తెలియదు. దస్తావేజులో మాత్రం పెద్ద ధరకు అమ్మింది ఆమే. రేపు పన్నువాళ్ళు అడిగితే కాగితం మీద కనబడే పేరు ఆమెదే.

పవర్ కాగితాలతో ఇంటి హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. హక్కు మారాలంటే రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు ఉండాలి. పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే సాధారణంగా ఆ పవర్ కూడా పోతుంది. అయినా కాగితాల మీదే ఇళ్ళు చేతులు మారుతున్నాయి. చివరికి కోర్టు మెట్లెక్కేది ముసలితల్లీ, అప్పుచేసి కొన్న చివరి మనిషీ. మధ్యవాడు అప్పటికే ఇంకో వీధిలో ఉంటాడు.

ఇక నగదు సంగతి. "సగం వైటు, సగం బ్లాకు" అనే మాట మన మందిరాల ఆవరణలో కూడా సిగ్గు లేకుండా వినబడుతోంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను నిబంధన ఉంది. దాని జరిమానా పడేది నగదు ఇచ్చినవాడి మీద కాదు, తీసుకున్నవారి మీద. అంటే ఆ విధవరాలి మీద. అదీ ఎంత? తీసుకున్నంత మొత్తం దాకా. ఈ మాట ఆమెకు ఎవరైనా చెప్పారా?

కూతుళ్ళ వాటా మరీ ఘోరం. క్రైస్తవ కుటుంబంలో తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం అతని ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా వెళ్తాయి. కొడుకు, కూతురు అనే తేడా లేదు. కానీ బేరం ఎవరితో జరుగుతోంది? కొడుకుతో. అప్పుల్లో ఉన్న కొడుకైతే మరీ సులువు. పెళ్ళయి వెళ్ళిన చెల్లెలికి ఐదువేలు చేతిలో పెట్టి, "అన్నయ్య కోసం ఒక సంతకం పెట్టమ్మా" అని అడుగుతారు. పంపకంలో ఆమెకు లక్షలు రావాలని తెలిసి కూడా నోరు మూసుకుంటారు.

నోరు మూసుకోవడం తప్పని దేశ చట్టం కూడా అంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను చదవండి. అమ్మేవారి హక్కు ఎలాంటిది, ఎంతవరకు ఉంది అనే విషయంలో కొనేవారికి తెలిసి అమ్మేవారికి తెలియని సంగతి ఏదైనా ఉంటే, దానివల్ల ఆ హక్కు విలువ బాగా పెరిగేటట్లయితే, కొనేవాడు దాన్ని బయటపెట్టాలి. రికార్డుల్లో పెరటి స్థలం కూడా ఆమె పేరు మీదే ఉందని నీకు తెలుసు, ఆమెకు తెలియదు. చెప్పకుండా కొన్నావంటే అది తెలివి కాదు, దొంగతనం.

మనవాళ్ళకు ఇంకో లోటు ఉంది. షెడ్యూల్డ్ కులాలవారి భూములు సులువుగా చేతులు మారకుండా కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి. ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షను, కర్ణాటకలో ప్రభుత్వం ఇచ్చిన భూములకు 1978 నాటి చట్టం అలాంటివే. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దళిత క్రైస్తవుణ్ణి ఎస్సీ జాబితా బయటే ఉంచింది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తెరిచిన తలుపు మనకు ఇంకా తెరుచుకోలేదు. ఆ హోదాతో వచ్చే రక్షణ కూడా దాంతోపాటే పోయింది. ప్రభుత్వం మనకు కవచం ఇవ్వలేదని ధర్నాలు చేస్తున్నాం. సరే. మరి ఆ కవచం లేని మన సొంత అక్కచెల్లెళ్ళ మీదికి మనమే బేరానికి వెళ్తే ఏమనాలి?

గోడలోని రోగం

ఇప్పుడు కొన్నవారి వైపు చూద్దాం. చివరికి ఆ ఇల్లు కొనేది కూడా ఎక్కువగా మనలాంటివాళ్ళే. జీతం మీద ఇరవై ఏళ్ళ లోను తీసుకున్న నర్సు, స్కూలు టీచరు, ఆటో డ్రైవరు.

పాత ఇళ్ళు చాలావరకు గానుగ సున్నంతో కట్టినవి. చెన్నైలో ఇప్పటికీ కనబడే మద్రాసు టెర్రస్ పైకప్పులు టేకు దూలాల మీద ఇటుకలను సున్నంతో పేర్చినవే. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, తిరిగి వదిలేస్తుంది. ఆ గోడకు సున్నంతోనే మరమ్మతు చేస్తే ఇంకో తరం నిలబడుతుంది. కానీ దానికి సమయం పడుతుంది, పని తెలిసిన మేస్త్రీ కావాలి. ఆరు నెలల్లో అమ్మాలనుకునేవాడికి ఆ తీరిక లేదు. గోడ మీద సిమెంటు పూత, దాని మీద పుట్టీ, దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేస్తాడు. చెమ్మ బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది. రెండు వానాకాలాలు గడిస్తే ఉప్పు పొంగి పూత ఊడిపోతుంది. స్లాబు కింద పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు తుప్పుపట్టి కనబడుతుంటే, వాటి కింద ఫాల్స్ సీలింగు బిగించి రంగుల లైట్లు పెడతాడు. కొన్నవాడు ఆ లైట్లు చూసి మురిసిపోతాడు. యానాంలో 2022 జూలైలో గోదావరి వరద చాలా ఇళ్ళలోకి వచ్చింది. అలా నీరు ఎక్కిన గోడకు రంగు వేసి, ఆ సంగతి చెప్పకుండా అమ్మితే దాన్ని ఏమనాలి?

లేవీయకాండము 14వ అధ్యాయాన్ని మనం మందిరంలో పెద్దగా చదవం. అక్కడ ఇంటికి పట్టిన రోగం గురించి ఉంది. గోడ మీద పచ్చగానో ఎర్రగానో మచ్చలు లోతుగా కనబడితే యజమాని దాచకూడదు, యాజకుడికి తెలియజేయాలి. ఇంటిని ఏడు రోజులు మూసి మళ్ళీ చూడాలి. మచ్చ వ్యాపిస్తే ఆ రాళ్ళు తీసేయాలి, లోపలి పూతంతా గీకేయాలి, కొత్త రాళ్ళు పెట్టి కొత్తగా పూయాలి. అప్పటికీ తిరిగి వస్తే ఇల్లే కూల్చాలి. ఎంత శ్రద్ధ చూడండి! ముందు పరీక్ష, తరువాత గీకడం, ఆ తరువాతే పూత. మన వ్యాపారం దీన్ని తలకిందులు చేసింది. ముందే పూత. పరీక్ష కొన్నవాడి ఖర్మ.

ఇక్కడ కూడా దేశ చట్టం స్పష్టంగానే ఉంది. అదే 55వ సెక్షను ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాడి కంటికి కనబడని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. బీటలను పుట్టీతో నింపిన చెయ్యి ఆ బీటలు తనకు తెలియవని ఎలా అంటుంది?

లోపల ఉన్నవాళ్ళు, పని చేసినవాళ్ళు

పాత ఇల్లు ఖాళీగా ఉండటం అరుదు. ముందు గదిలో ఒక కుటుంబం, వెనుక రేకుల షెడ్డులో ఇంకో కుటుంబం తక్కువ అద్దెకు ఉంటాయి. అమ్మడానికి 'ఖాళీ ఇల్లు' కావాలి. అందుకని నీళ్ళ మోటారు పాడవుతుంది, కరెంటు పోతుంది, మరమ్మతు పేరుతో మరుగుదొడ్డి తలుపు పీకేస్తారు. యజమాని మారినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదు. నీళ్ళు, కరెంటు లాంటి అవసరాలు ఆపడాన్ని మహారాష్ట్ర 1999 అద్దె నియంత్రణ చట్టం, తమిళనాడు 2017 చట్టం నిషేధించాయి. ముంబైలో కామాఠిపురా అనే పేరే తెలుగునేల నుంచి వెళ్ళిన కామాఠి కూలీల వల్ల వచ్చింది. ఆ నగరం పాత చాళ్ళలో పగిడీ గదుల్లో కాపురమున్న కుటుంబాలకు ఆ గది ఒక్కటే ఆస్తి. తాతలు నగరం కట్టారు. మనవళ్ళు అదే నగరంలో గదికి దూరమై రైలెక్కి శివార్లకు పోతున్నారు.

ఇక పనివాళ్ళు. పాలమూరు నుంచి వచ్చిన కూలీ, మన పేటలోని పెయింటరు, మేస్త్రీ కింద ఇసుక మోసే అక్క. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. ఒక్కో ఇంట్లో పదిహేను రోజులు పని చేయించుకుని కాగితం ముక్క కూడా ఇవ్వనివాళ్ళ దగ్గర ఆ రుజువు ఎలా దొరుకుతుంది? "ఇల్లు అమ్ముడుపోగానే ఇస్తా" అని కూలి ఆపేవాళ్ళూ ఉన్నారు. యెహోయాకీము రాజు విశాలమైన మేడ కట్టించి, దేవదారు పలకలు వేయించి, ఎర్రని రంగు పూయించాడు. యిర్మీయా 22వ అధ్యాయం ఆ రంగును మెచ్చుకోలేదు. పని చేయించుకుని కూలి ఇవ్వనివాడికి శ్రమ అని ప్రకటించింది. రాజంటే మేడ కట్టేవాడు కాదు, బీదవాడి వ్యాజ్యెం తీర్చేవాడు అని అతని తండ్రి యోషీయాను చూపించింది.

"మరి మా యువత ఏం చేయాలి?"

ఈ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోం. "పెద్ద కులాలవాళ్ళు తరతరాలుగా భూముల మీద సంపాదించారు. మా పిల్లలు ఇప్పుడిప్పుడే నాలుగు రూపాయలు చూస్తుంటే పాస్టర్లు అడ్డుపడతారేం?" అని అడుగుతారు. న్యాయమైన కోపమే. మన యువత వ్యాపారం చేయాలి. మన మేస్త్రీలు కాంట్రాక్టర్లు కావాలి. మన అమ్మాయిలు సివిల్ ఇంజినీర్లై పాత ఇళ్ళను పరీక్షించి సర్టిఫికెట్లు ఇవ్వాలి. కానీ తాతలను దోచిన పద్ధతినే నేర్చుకుని పక్కింటి నానమ్మ మీద ప్రయోగిస్తే అది విముక్తి కాదు. దోచేవాడి కుర్చీలో మనిషి మారాడు, అంతే. పైగా ఈ వ్యాపారంలో మన పిల్లవాడు చాలాసార్లు అడ్వాన్సు పెట్టిన పెద్ద ఫైనాన్షియరుకు ముందు నిలబడే ముఖం మాత్రమే. ఇళ్ళు చూపించేది మనవాడు, పెద్ద వాటా వాడిది, చెడ్డపేరు మనది.

"మేము కొనకపోతే ఆ ఇల్లు కూలిపోతుంది" అని ఇంకో వాదన. కూలకుండా ఆపడానికి ఇల్లు లాక్కోవాలా? అప్పు ఇవ్వొచ్చు. మేస్త్రీని పంపొచ్చు. మరమ్మతు చేసి, అమ్మిన తరువాత కూలీ, న్యాయమైన లాభం తీసుకోవచ్చు. నెహెమ్యా యెరూషలేము గోడ కడుతున్నప్పుడే, తాకట్టులో పోయిన బీదల ఇళ్ళు, పొలాలు తిరిగి ఇచ్చేయమని ప్రధానులను సభలో నిలదీశాడు. గోడ పని, ఇంటి న్యాయం రెండూ కలిసే నడవాలని ఆయనకు తెలుసు.

ఇక అందరికంటే గట్టిగా చెప్పవలసిన మాట మా తోటి సేవకులతో. ఏ ఇంట్లో జబ్బు ఉందో, ఎవరికి అప్పు పెరిగిందో, ఏ అన్నదమ్ములు పంపకాల గొడవలో ఉన్నారో పాస్టరుకు తెలుస్తుంది. ప్రార్థన మనవిగా తెలుస్తుంది. ఆ మనవి బ్రోకరు చెవికి చేరి, కమీషనుగా తిరిగి వస్తే, విధవరాండ్ర ఇళ్ళు మింగి దీర్ఘ ప్రార్థనలు చేసేవారి గురించి ప్రభువు అన్న మాట ఎవరి గురించో వేరే చెప్పాలా? ఆ డబ్బులోంచి వచ్చిన దశమభాగాన్ని తీసుకునే ముందు, ఆ ఇల్లు ఎవరిదని అడగండి.

మేము కోరేది

లేవీయకాండము 25వ అధ్యాయంలో ఒక నియమం ఉంది. ప్రాకారం గల పట్టణంలో ఇల్లు అమ్ముకున్నవాడికి ఏడాదిపాటు దాన్ని విడిపించుకునే హక్కు ఉంటుంది. అమ్మకం పూర్తయిన తరువాత కూడా! మన దేశంలో బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద ఇంటిని వేలం వేస్తే, 2016 సవరణ తరువాత వేలం ప్రకటన వెలువడిన రోజుతోనే విడిపించుకునే హక్కు ముగిసిపోతుంది. తొందరలో అమ్ముకున్నవాడికి ఊపిరి పీల్చుకునే సమయం ఇవ్వాలన్నది ఆ పాత నియమంలోని ప్రాణం. దాన్ని ఆధారం చేసుకుని మేము సంఘాల ముందు ఈ కోరికలు పెడుతున్నాం.

ఒకటి, ఏడాది నియమం. మన విశ్వాసి ఎవరైనా ఇబ్బందుల్లో ఉన్నవారి ఇల్లు కొని ఏడాదిలోపు తిరిగి అమ్మితే, మరమ్మతు ఖర్చు, పన్నులు, తన శ్రమకు తగిన కూలి తీసుకున్నాక మిగిలినదానిలో సగం అమ్మినవారికి ఇవ్వాలి. ఈ మాట మొదటి అగ్రిమెంటులోనే రాయాలి. పై లెక్కలో శ్రమకు 2 లక్షలు తీసేసినా, ఆ తల్లికి నాలుగున్నర లక్షలు తిరిగి వస్తాయి.

రెండు, కొనేముందు ఆ ఇల్లు ఇప్పుడున్న స్థితిలో ఎంత, బాగుచేస్తే ఎంత అని బేరంతో సంబంధం లేని మనిషి చేత విలువ కట్టించి, ఆ కాగితం అమ్మేవారి చేతికి, వాళ్ళకు చదువొచ్చిన భాషలో ఇవ్వాలి. కూతుళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టాలి. డబ్బంతా బ్యాంకు ద్వారానే.

మూడు, మరమ్మతుకు ముందు తీసిన ఫొటోలు, ఏం మార్చారు, ఏం మార్చలేదు అనే పట్టిక కొనేవారికి ఇవ్వాలి. ఆ పని చేయడానికి భయపడేవాడు ఏదో దాస్తున్నాడని అర్థం.

నాలుగు, అద్దెకున్నవారికి ముందే చెప్పాలి, వేరే ఇల్లు దొరికేదాకా ఆగాలి. కూలి వారం వారం ఇవ్వాలి, పని చేసిన రోజులకు సంతకం పెట్టి ఇవ్వాలి.

ఐదు, సంఘానికి ఒక మరమ్మతు నిధి కావాలి. మందిరానికి కొత్త గ్రానైటు, కొత్త సౌండు సిస్టం కోసం లక్షలు పోగుచేయగలిగిన మనం, ఒక విధవరాలి పైకప్పుకు వడ్డీ లేని మూడు లక్షల అప్పు పోగుచేయలేమా? ఆమె ఇల్లు బాగుచేయించుకుని ఉంటే ఉంటుంది, ముందు గది అద్దెకిస్తే ఇస్తుంది, అమ్మదలిస్తే పూర్తి ధరకు అమ్మి అప్పు తీరుస్తుంది. ఆ డబ్బు ఇంకో ఇంటికి వెళ్తుంది.

యువతీ యువకులారా, మీ చేతుల్లో తాపీ ఉంది, ఫోనుంది, చట్టం చదివే తెలివి ఉంది. మీ పేటలో కూలడానికి సిద్ధంగా ఉన్న ఇల్లు ఏదో మీకు తెలుసు. ఈ ఆదివారం ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళండి. "ఎంతకు ఇస్తావమ్మా?" అని అడగడానికి కాదు. "ఏం బాగుచేయాలమ్మా?" అని అడగడానికి.